పొగగొట్టం గుండా పోయే సంపద

భారీ పరిశ్రమలలో నిప్పుతో పని లేనిది అరుదు. ముడి ఖనిజం ఇనుముగా మారడానికి, సున్నపురాయి సిమెంటుగా రూపొందడానికి, చెరకురసం చిక్కబడి పంచదార కావడానికి, గాజు కరగడానికి, ఇటుక కాలడానికి వేడి కావాలి. ఆ వేడికోసం బొగ్గు, చమురు, సహజవాయువు, కట్టె కాలుస్తారు. అయితే కాల్చిన ఇంధనంలోని శక్తి అంతా తయారయ్యే వస్తువుకు చేరదు. కొంత పొగతోబాటు గొట్టం గుండా ఆకాశంలో కలుస్తుంది. కొంత యంత్రాలను చల్లబరచే నీటితో బయటికి పోతుంది. మరికొంత ఎర్రగా కాలిన వస్తువుతోనే ఆరుబయటికి వచ్చి గాలిలో చల్లారిపోతుంది. ఈ విధంగా పోయే వేడిని పట్టి తిరిగి పనిలో పెట్టడమే వ్యర్థోష్ణ పునర్వినియోగం.

ఈ ఆలోచన తెలుగువారి వంటింటికి కొత్తది కాదు. పాతకాలపు మట్టిపొయ్యి ప్రక్కన ‘కోడు’ అనే చిన్న పొయ్యి మరొకటి ఉండేది. కట్టె పెట్టేది పెద్దపొయ్యిలోనే. కోడు క్రింద వేరే మంట లేదు. ఎసరు మరిగించిన తరువాత మిగిలిన సెగ లోపలి దారి గుండా కోడుకు చేరి, దానిమీద పెట్టిన పాలనో పప్పునో కాచేది. కోడుపొయ్యి చేసిన పనికీ, నేటి కర్మాగారాలలో కోట్ల రూపాయల వ్యయంతో నెలకొల్పే సాధనాలు చేసే పనికీ సూత్రంలో భేదం లేదు. ఎంత వేడిని, ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పనికోసం పట్టుకొంటారన్నదే భేదం.

వేడికి కూడ ఎత్తుపల్లాలు ఉన్నాయి

శక్తి నశించదని భౌతికశాస్త్రం బోధిస్తున్నది. అలాంటప్పుడు వేడి వ్యర్థమవుతున్నదనడంలో అర్థమేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం ఉష్ణగతిక శాస్త్రపు రెండవ సూత్రంలో ఉన్నది. వేడి తనంతట తాను ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటినుంచి తక్కువ ఉష్ణోగ్రత గల చోటికే ప్రవహిస్తుంది. ఉష్ణోగ్రత తగ్గినకొలదీ వేడి పరిమాణం మారకపోయినా, దానితో చేయించుకోగల పని తగ్గిపోతుంది. చివరకు చుట్టూ ఉన్న గాలితో సమానమైన ఉష్ణోగ్రతకు దిగిన వేడి ఎంత ఉన్నా ఒక్క చక్రాన్ని కూడ తిప్పజాలదు.

ఫ్రెంచి ఇంజనీరు సాది కార్నో 1824లో ప్రకటించిన గ్రంథం ఈ విషయానికి పునాది వేసింది. ఆయన సూత్రం ప్రకారం, చుట్టుప్రక్కల ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెంటీగ్రేడు అనుకొంటే, 1,000 డిగ్రీల వద్ద లభించే వేడిలో గరిష్ఠంగా 76 శాతాన్ని యాంత్రికశక్తిగా మార్చడానికి సిద్ధాంతరీత్యా అవకాశం ఉన్నది. అదే వేడి 150 డిగ్రీల వద్ద లభిస్తే ఆ అవకాశం 28 శాతానికి పడిపోతుంది. ఆచరణలో లభించేది ఈ రెండింటిలోను ఇంకా తక్కువే. కనుక వేడిని గురించి మాట్లాడేటప్పుడు దాని పరిమాణం ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. అది ఏ ఎత్తున ఉన్నదని కూడ అడగాలి.

కాకతీయుల కాలంనుంచి తెలంగాణ గ్రామాలను పోషించిన గొలుసుకట్టు చెరువులను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చును. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు క్రింది చెరువును చేరుతుంది. అది నిండితే దాని క్రింది చెరువుకు పోతుంది. ఒకే వాన నీరు పలు ఆయకట్లను తడుపుతూ దిగుతుంది. వేడిని పొదుపుగా వాడే కర్మాగారం కూడ ఇటువంటి గొలుసే. మొదట అత్యధిక ఉష్ణోగ్రత కోరే పని, ఆ పిమ్మట ఆవిరి, విద్యుత్తు, తరువాత ఎండబెట్టడం, చివరకు నీరు కాచడం. పై మెట్టుమీద పట్టుకొనక విడిచిన వేడిని క్రింది మెట్టుమీద అదే విలువకు తిరిగి సంపాదించడం సాధ్యం కాదు.

రెండువందల ఏళ్ల ప్రయత్నం

పరిశ్రమలు ఈ పాఠాన్ని నెమ్మదిగా నేర్చుకొన్నాయి. స్కాట్లండుకు చెందిన జేమ్స్ బోమాంట్ నీల్సన్ 1828లో, ఇనుపకొలిమిలోకి చల్లని గాలికి బదులు వేడిచేసిన గాలిని ఊదే పద్ధతికి పేటెంటు పొందాడు. క్లైడ్ ఇనుప కర్మాగారంలో టన్ను ఇనుముకు సుమారు 8 టన్నులు ఖర్చయ్యే బొగ్గు, కొద్దికాలంలోనే సుమారు 5 టన్నులకు తగ్గింది. మొదట ఆ గాలిని కాచడానికి వేరే మంట పెట్టేవారు. అనంతరం కొలిమి పైభాగంనుంచి వృథాగా పోయే వాయువునే మండించి గాలిని కాచడం ఆరంభమైంది. 1845లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ గ్రీన్ రూపొందించిన ఎకనమైజరు, బాయిలరు పొగలోని వేడితో బాయిలరుకు పోయే నీటిని ముందుగా కాచింది. నేటి థర్మల్ విద్యుత్ కేంద్రాలలో ఈ పరికరం తప్పనిసరి భాగం.

1856లో ఫ్రెడరిక్ సీమెన్స్ మరొక ముందడుగు వేశాడు. కొలిమికి ఇరువైపుల జల్లెడవలె పేర్చిన ఇటుకల గదులు నిర్మించి, వేడిపొగను ఒక గది గుండా పంపి ఇటుకలను ఎర్రగా కాల్చేవారు. కొంతసేపటికి దారి మార్చి, లోపలికి వచ్చే గాలిని ఆ కాలిన ఇటుకల మీదుగా పంపేవారు. ఈలోగా రెండవ గది వేడెక్కేది. ఇటుకలు దాచి ఇచ్చిన వేడితో కొలిమి ఉష్ణోగ్రత ఉక్కును కరగించే స్థాయికి చేరింది. ఫ్రాన్సులో మార్టిన్ 1865లో ఈ కొలిమిని ఉక్కు తయారీకి వినియోగించాడు. జంషెడ్‌పూర్‌లో 1912లో తొలి ఉక్కు తయారైనది ఇట్టి ఓపెన్ హార్త్ కొలిమిలోనే. వ్యర్థోష్ణ వినియోగం ఇంధనాన్ని ఆదా చేయడమే గాక, అంతకుముందు సాధ్యం కాని ఉత్పత్తిని కూడ సాధ్యం చేసిందని దీనివలన తెలుస్తున్నది.

చక్కెర పరిశ్రమలో ఈ మార్పు తెచ్చినవాడు నార్బర్ట్ రిల్యూ. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి తల్లికి జన్మించిన ఈ ఇంజనీరు 1843లో బహుళపాత్ర బాష్పీకరణ యంత్రానికి పేటెంటు పొందాడు. మొదటి పాత్రలో రసాన్ని ఆవిరితో మరిగిస్తారు. ఆ రసంనుంచి లేచిన ఆవిరి రెండవ పాత్రను కాస్తుంది. రెండవ పాత్రలో పీడనం తగ్గించి ఉంచుతారు గనుక అక్కడ రసం తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది. మూడవ, నాల్గవ పాత్రలలోను ఇదే క్రమం. ఒక కిలో ఆవిరితో మూడు, నాలుగు కిలోల నీటిని రసంనుంచి తొలగించడం ఈ విధంగా వీలయింది. ఉత్తరప్రదేశ్‌నుంచి తమిళనాడు వరకు భారతదేశంలోని చక్కెర మిల్లులన్నీ ఈ సూత్రంమీదనే నడుస్తున్నాయి.

విశాఖ ఉక్కు కర్మాగారంలో

వ్యర్థోష్ణాన్ని పై మెట్టుమీదనే పట్టుకోవడానికి భారతదేశంలో చెప్పుకోదగిన ఉదాహరణ విశాఖపట్నంలో ఉన్నది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో 1966లో సాగిన ఆందోళన ఫలితంగా మంజూరైన ఈ కర్మాగారానికి 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1979లో సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరింది. 1992 ఆగస్టు 1న ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు దీనిని జాతికి అంకితం చేశారు. తడి పద్ధతికి మారుగా పొడిపద్ధతిలో కోక్‌ను చల్లార్చే ఏర్పాటు భారతదేశంలో మొదట నెలకొన్నది ఇక్కడనే.

ఇనుము తయారీకి బొగ్గును నేరుగా వాడరు. గాలి చొరని ఓవెన్లలో బొగ్గును గంటల తరబడి కాల్చి కోక్‌గా మారుస్తారు. విశాఖలోని కోక్ ఓవెన్లు ఏడు మీటర్ల ఎత్తు గలవి. ఒక్కొక్క బ్యాటరీలో 67 ఓవెన్లు ఉన్నాయి. ఓవెన్‌నుంచి బయటికి నెట్టినప్పుడు కోక్ 1,000 డిగ్రీల వేడితో నిప్పు కణికలుగా ఉంటుంది. గాలి తగిలితే వెంటనే మండిపోతుంది గనుక దానిని త్వరగా చల్లార్చాలి. సాంప్రదాయిక పద్ధతిలో కోక్‌మీద నీరు కుమ్మరిస్తారు. ఒక్క నిమిషంలో తెల్లని మేఘంవలె ఆవిరి లేస్తుంది; టన్ను కోక్‌కు సుమారు అర ఘనమీటరు నీరు ఆవిరైపోతుంది. ఆ ఆవిరిలో బొగ్గుధూళి, ఫినాల్ వంటి హానికర పదార్థాలు ఉంటాయి. అక్కడ పనిచేసే కార్మికులు, చుట్టుప్రక్కల నివసించేవారు పీల్చేది ఆ గాలినే.

పొడిపద్ధతిలో నీటి పని లేదు. ఎర్రని కోక్‌ను పెద్ద తొట్టిలో ఎత్తి, మూసి ఉన్న ఎత్తైన గదిలోకి పైనుంచి జారవిడుస్తారు. కోక్ కొన్ని గంటలపాటు నెమ్మదిగా క్రిందికి దిగుతుంది. క్రిందినుంచి ప్రధానంగా నత్రజనితో కూడిన వాయువును ఊదుతారు. నత్రజని మంటకు తోడ్పడదు గనుక కోక్ కాలిపోదు. తన వేడిని మాత్రం వాయువుకు ఇచ్చివేస్తుంది. దాదాపు 800 డిగ్రీలకు చేరిన ఆ వాయువును ధూళి తొలగించి బాయిలరులోకి పంపుతారు. బాయిలరులో వేడిని విడిచిన వాయువు ఫ్యాను ద్వారా తిరిగి గది అడుగుకు చేరుతుంది. అదే వాయువు ఈ విధంగా పదేపదే తిరుగుతూ ఉంటుంది. గది అడుగునుంచి వెలువడే కోక్ ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీలు.

ఇక్కడ గమనింపదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఓవెన్లను ఒకదాని తరువాత ఒకటిగా, మధ్యమధ్య విరామంతో ఖాళీ చేస్తారు. కాని బాయిలరుకు వేడి నిరంతరంగా అందాలి. లేకపోతే ఆవిరి పీడనం నిలకడగా ఉండదు. ఈ చిక్కును తీర్చడానికి గది పైభాగంలో వేడికోక్‌ను నిలువ ఉంచే చోటు కల్పించారు. విడతలు విడతలుగా వచ్చే కోక్ అక్కడ చేరి, క్రిందికి మాత్రం ఎడతెగక దిగుతూ ఉంటుంది. వేడి దొరికే వేళకూ, వేడి కావలసిన వేళకూ పొత్తు కుదర్చడం ఈ రంగంలో ఎల్లప్పుడూ ఎదురయ్యే సమస్యయే.

ఇంతకూ ఇందులో దక్కే వేడి ఎంత? ఒక టన్ను కోక్ 1,000 డిగ్రీలనుంచి 200 డిగ్రీలకు చల్లారేటప్పుడు సుమారు 2.9 లక్షల కిలో కేలరీలు విడుదలవుతాయి. కిలోకు 4,000 కిలో కేలరీలిచ్చే బొగ్గు 70 కిలోలకు పైగా కాల్చితే గాని ఇంత వేడి రాదు. దీనిలో అధికభాగాన్ని పట్టుకొని, టన్ను కోక్‌కు దాదాపు అర టన్ను ఆవిరి ఉత్పత్తి చేయవచ్చును. విశాఖలో ఈ ఆవిరితో ఒక్కొక్కటి 7.5 మెగావాట్ల సామర్థ్యం గల రెండు టర్బైన్లు నడిచే ఏర్పాటు జరిగింది. ఇవి ఆవిరిలోని శక్తిని పూర్తిగా పీల్చివేసే రకం కావు. టర్బైను త్రిప్పి తక్కువ పీడనంతో బయటపడే ఆవిరి కర్మాగారంలోని ఇతర విభాగాల అవసరాలకు పోతుంది. పై చెరువు అలుగు క్రింది చెరువుకు చేరినట్లే.

లాభం ఆవిరితో ముగియలేదు. నీటిలో ఒక్కసారిగా చల్లారిన కోక్ బీటలు వారుతుంది, తడి పీలుస్తుంది. నెమ్మదిగా చల్లారిన కోక్ గట్టిగా, పొడిగా ఉండి కొలిమిలో మెరుగుగా పనిచేస్తుంది. ఇనుము టన్నుకు కావలసిన కోక్ కొంత తగ్గుతుంది. భారత ఉక్కు పరిశ్రమకు కావలసిన కోకింగు బొగ్గులో అధికభాగం ఆస్ట్రేలియా మొదలైన దేశాలనుంచి దిగుమతి అవుతున్నది. కనుక కోక్‌లో కలిగే ప్రతి పొదుపూ విదేశీ మారకద్రవ్యపు పొదుపే.

సిమెంటు బట్టీల అనుభవం

ఉక్కు తరువాత వ్యర్థోష్ణానికి పెద్ద నెలవు సిమెంటు పరిశ్రమ. నల్లగొండ, కడప, కర్నూలు జిల్లాలలోను, రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్, మధ్యప్రదేశ్‌లోని సత్నా, కర్ణాటకలోని కలబురగి ప్రాంతాలలోను సున్నపురాయి నిక్షేపాలను ఆశ్రయించి ఈ కర్మాగారాలు వెలిశాయి. తిరిగే బట్టీలో ముడిపదార్థం సుమారు 1,450 డిగ్రీల వద్ద క్లింకరుగా మారుతుంది. ముడిపొడిని నీటితో కలిపి బట్టీలోకి పంపే పాత తడిపద్ధతిలో, ఆ నీటిని ఆవిరి చేయడానికే ఎంతో ఇంధనం ఖర్చయ్యేది. కిలో క్లింకరుకు 1,300 కిలో కేలరీల వరకు అవసరమయ్యేది. పొడిపద్ధతిలో ముడిపొడిని ఎత్తైన గోపురంలో పైనుంచి క్రిందికి వదలుతారు. బట్టీనుంచి వచ్చే వేడిపొగ ఎదురుగా పైకి సాగుతూ ఆ పొడిని ముందుగానే కాస్తుంది. ఐదారు అంచెల గోపురం గల ఆధునిక కర్మాగారంలో వేడి అవసరం 750 కిలో కేలరీల లోపునకు దిగింది.

ఇంత జరిగిన పిదప కూడ గోపురంనుంచి వెలువడే పొగ 300 డిగ్రీలకు మించిన వేడితోనే ఉంటుంది. క్లింకరును చల్లార్చిన గాలిలో కొంతభాగం కూడ వేడిగానే బయటికి పోతుంది. ఈ రెంటినీ బాయిలర్ల గుండా పంపి విద్యుత్తు తీసే పద్ధతిని జపాను విస్తృతంగా అభివృద్ధి చేసింది. నల్లగొండ జిల్లా విష్ణుపురంలోని సిమెంటు కర్మాగారంలో 2004లో జపాను ప్రభుత్వసంస్థ ‘నెడో’ సహకారంతో 7.7 మెగావాట్ల కేంద్రం మార్గదర్శకంగా నెలకొన్నది. సాధారణంగా టన్ను క్లింకరుకు 25 నుంచి 35 యూనిట్ల విద్యుత్తు ఈ విధంగా లభిస్తుంది. కర్మాగారపు విద్యుత్ అవసరంలో ఇది దాదాపు నాలుగవ వంతు. ఇందుకోసం అదనంగా కాల్చే బొగ్గు ఏమీ ఉండదు.

అడ్డంకులు ఏమిటి?

ఇంత లాభదాయకమైన పద్ధతి అన్ని చోట్లా ఎందుకు అమలు కావడం లేదు? కారణాలు కొన్ని ప్రకృతివి, కొన్ని మనుష్యులవి.

వేడిని పొగనుంచి అట్టడుగు వరకు పిండుకొనడానికి వీలులేదు. ఇంధనంలో గంధకం ఉంటే, పొగ ఉష్ణోగ్రత సుమారు 120–150 డిగ్రీల మధ్యకు దిగేసరికి గంధకికామ్లం బిందువులుగా ఏర్పడి ఇనుపగొట్టాలను తినివేస్తుంది. సిమెంటు బట్టీలలో పొగతో వచ్చే ధూళి గొట్టాలకు పట్టి వేడిని అందనీయదు; దానిని తరచు దులుపుతూ ఉండాలి. వేడిని దూరప్రాంతాలకు మోయడం కష్టం. విద్యుత్తు వందల మైళ్లు పోగలదు. ఆవిరి కొద్ది కిలోమీటర్లలోనే విలువ కోల్పోతుంది. కనుక వేడి మిగిలే చోటికి సమీపంలోనే దానితో అవసరం గలవారు ఉండాలి.

తక్కువ ఉష్ణోగ్రత గల వేడికి కూడ ఇప్పుడు కొన్ని మార్గాలు ఉన్నాయి. నీటికంటె తక్కువ ఉష్ణోగ్రతకు మరిగే కర్బన ద్రవాలతో టర్బైన్లు నడుపుతున్నారు. లిథియం బ్రోమైడు ద్రావణంతో పనిచేసే శోషణ యంత్రాలు 80–100 డిగ్రీల వేడినీటిని గ్రహించి చల్లని నీటిని తయారుచేస్తాయి. వేడితో చల్లదనం పుట్టించడం వింతగా తోచినా, ఇది అనేక వస్త్ర, ఔషధ పరిశ్రమలలో ఆచరణలో ఉన్నది.

అన్నిటికంటె కఠినమైన అడ్డంకి పెట్టుబడి. పెద్ద కర్మాగారం భరించగల ఖర్చును చిన్న ఫౌండ్రీ, అద్దకపు మిల్లు, ఇటుకబట్టీ యజమాని భరించలేడు. అయితే చిన్న పరిశ్రమకు టర్బైనుతో పని లేదు. బాయిలరు పొగ ఉష్ణోగ్రతను 22 డిగ్రీలు తగ్గించగలిగితే దాని సామర్థ్యం సుమారు ఒక శాతం పెరుగుతుందని ఇంజనీర్ల లెక్క. బెల్లం వండే పొయ్యికి పొగదారిలో రెండవ పెనం అమర్చితే, మొదటి పెనంలో బెల్లం ఉడికేలోగా తరువాతి రసం వేడెక్కి సిద్ధంగా ఉంటుంది. చెరకుపిప్పి ఆదా అవుతుంది. గంగా మైదానంలోని ఇటుకబట్టీలలో మంట వరుసవెంబడి కదులుతూ పోతుంది. కాలిన ఇటుకల వేడి లోపలికి వచ్చే గాలికి, మంటనుంచి పోయే పొగ వేడి ఇంకా కాలవలసిన పచ్చి ఇటుకలకు అందుతాయి. ఇటుకలను కుప్పగా పేర్చి ఒక్కసారే కాల్చి, చల్లారేవరకు వేచి ఉండే బట్టీలలో ఆ వేడి అంతా గాలిపాలే.

జాతీయ స్థాయిలో కృషి

1973లో ప్రపంచమంతట చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు ఇంధన పొదుపు ప్రాధాన్యం భారతదేశానికి స్పష్టంగా తెలిసివచ్చింది. 1978లో పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏర్పడింది. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టాన్ని ఆమోదించింది. దాని ననుసరించి 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో నెలకొన్నది. అధికంగా ఇంధనం వాడే ఉక్కు, సిమెంటు, ఎరువులు, అల్యూమినియం, కాగితం వంటి పరిశ్రమలు శక్తి వినియోగపు తనిఖీ జరిపించుకొని, ఇంధన నిర్వాహకుని నియమించుకోవలసి ఉన్నది. 2012లో మొదలైన పథకం ప్రకారం పెద్ద కర్మాగారాలకు పొదుపు లక్ష్యాలు నిర్ణయించారు. లక్ష్యాన్ని మించినవారికి లభించే పత్రాలను, చేరుకోలేనివారు కొనవచ్చును. 2022లో చట్టాన్ని సవరించి కర్బన క్రెడిట్ల వ్యాపారానికి ఆధారం కల్పించారు.

ఈ చట్టాలు, పథకాలు ఉన్న కర్మాగారాలను చక్కదిద్దడానికి తోడ్పడతాయి. అయితే విశాఖ అనుభవం మరొక విషయాన్ని చాటుతున్నది. అక్కడ వేడిని పట్టే ఏర్పాటు తరువాత అతికించినది కాదు. కర్మాగారపు నమూనాలోనే చేరి వచ్చినది. ఒకసారి నిర్మించిన బట్టీ, కొలిమి ముప్ఫై నలభై ఏళ్లు పనిచేస్తాయి. నమూనా గీసేనాడు వేడికి దారి చూపకపోతే అన్నేళ్లపాటు అది పొగగొట్టం గుండానే పోతుంది. తరువాత మార్చాలంటే స్థలం చాలదు, ఉత్పత్తి ఆపవలసి వస్తుంది, ఖర్చు రెట్టింపవుతుంది.

రాబోయే దశాబ్దాలలో భారతదేశం మరెన్నో ఉక్కు, సిమెంటు, గాజు, రసాయన కర్మాగారాలను నిర్మించవలసి ఉన్నది. వాటి నమూనాలను గీయబోయేవారు నేడు పాఠశాలలలో, కళాశాలలలో చదువుతున్నారు. వేడి ఎంత, అది ఏ ఎత్తున ఉన్నది, దానితో ఎవరికి అవసరం ఉన్నది అనే మూడు ప్రశ్నలను వారు మొదటి గీత గీయకముందే వేసుకొంటే, సింగరేణి, ధన్‌బాద్ గనులలో కార్మికులు శ్రమించి తీసిన బొగ్గుకు పూర్తి విలువ దక్కుతుంది.